వడగళ్ళకు గొంగడి కప్పిన గొర్రె

అనగనగా, ఎండాకాలంలో బండ మీద జొన్నగింజ పడితే పేలమయ్యేంత వేడిగా ఉండే ఒక కొండ అడవి. ఆ అడవిలో ఒకే ఒక్క గొర్రె ఉండేది.

అడవిలో గొర్రె ఏమిటని అడుగుతారు, నాకు తెలుసు. చెబుతాను, ఆగండి. ఏటా ఎండాకాలంలో మేత వెతుక్కుంటూ ఒక గొర్రెల మంద ఆ కొండ పక్క నుంచి పోయేది. ఒక ఏడాది ఆ మందలో ఒక గొర్రె కాలు బెణికి పొదల్లో పడిపోయింది. కాపరి రెండు రోజులు వెతికాడు. దొరకలేదు. పాపం, ఏడుస్తూ వెళ్ళిపోయాడు. ఆ గొర్రెను ఒక దుప్పి చూసింది. నీళ్ళ దగ్గరికి నడిపించింది. తను మేసే చోటికి తీసుకుపోయింది. కాలు నయమయ్యేసరికి గొర్రెకు అడవి అలవాటైపోయింది, దుప్పి చెల్లెలైపోయింది.

గొర్రె పేరు బీరవ్వ. కాపరి పెట్టిన పేరే. వయసులో పెద్దది. ఒళ్ళంతా నల్లటి ఉన్ని. రెండేళ్ళుగా ఎవరూ కత్తిరించలేదు కదా, బెత్తెడు మందాన పెరిగి ఉంది. ఆ ఉన్ని అంటే బీరవ్వకు ఎంత గర్వమో!

"మా మంద ఉన్నితోని నేసిన గొంగడి ఉన్నదే, అది కప్పుకుంటే వానకు వాన ఆగుతది, చలికి చలి ఆగుతది, ఎండకు ఎండ ఆగుతది" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పేది.

వాన, చలి అన్నంత వరకూ అందరూ తలూపేవారు. ఎండ అనగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. చేతులు లేనివాళ్ళు తోక అడ్డం పెట్టుకునేవారు.

"గొర్రె గదా, గట్లనే మాట్లాడతది" అనేవాడు రాజలింగం. రాజలింగం ఒక కొండముచ్చు. ఎవరి మాటకైనా ఎకసెక్కం ఆడకపోతే అతనికి తిన్నది అరగదు.

నవ్వని వాడు ఒక్కడే. దుప్పి కొడుకు బొట్టుగాడు. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉండేది కాబట్టి ఆ పేరు. చలికాలమంతా వాడు బీరవ్వ పక్కలో, ఆ ఉన్నిలో మూతి దూర్చుకుని పడుకున్నాడు. "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటూ ఆమె వెనకే తిరిగేవాడు. కన్నబిడ్డ ఎలాంటిదో బీరవ్వకు వాడూ అలాంటివాడే.

ఆ ఏడు ఎండలు మరీ ముదిరాయి. వాగు ఎండిపోయింది. ఇసుకలో చెలమ తవ్వితే గుక్కెడు నీళ్ళు ఊరేవి. అవి తాగడానికే చాలవు. అలాంటి ఎండలో మన బొట్టుగాడు ఏం చేశాడు? తల్లి కునుకు తీస్తుంటే మెల్లగా జారుకుని, మిట్టమధ్యాహ్నం బండల మీద గంతులేశాడు. మీలో కొందరిలాగే! సాయంత్రానికి కాళ్ళు తడబడ్డాయి. తెల్లారేసరికి లేవలేకపోయాడు.

ఎలుగుబంటి వైద్యుడు వచ్చాడు. చెవి పట్టుకు చూశాడు, పొట్ట తడిమాడు.

"వడదెబ్బ" అన్నాడు. "ఒళ్ళు కాలిపోతున్నది. లోపల వేడి దిగకుంటే పిల్లగాడు దక్కడు."

చెలమలో నీళ్ళు తెచ్చి ఒళ్ళు తడిపారు. నీళ్ళు అయిపోయాయి కానీ వేడి దిగలేదు. తల్లి దుప్పి బిడ్డ ఒళ్ళు నాకుతూనే ఉంది.

అప్పుడే పైనుంచి ఒక గద్ద దిగింది.

"నిన్న పొద్దుమూకే యాళ్ళకు గుట్ట మీద రాళ్ళవాన పడ్డది. మీ దిక్కు దుమ్ము తప్ప ఏం రాలె గని, పైన మస్తు పడ్డయి. అన్నీ కరిగిపోయినయి. ఒక్క ఉత్తరం దిక్కు బండ సందుల మాత్రం ఉన్నయి. ఆడికి ఎండ సొరదు" అని చెప్పింది.

ఎలుగు వైద్యుడి కళ్ళు మెరిశాయి. "వడగండ్లు! అవి తెచ్చి మెడ కింద, చంకల్ల, తొడల నడుమ పెడితే ఒంటి వేడిని గుంజుకుంటయి. పిల్లగాడు బతుకుతడు. పొద్దు ఆ గుట్ట ఎనకకు పోక ముందే కావాలె. ఎవరు తెస్తరు?"

బొట్టుగాణ్ణి పైకి మోసుకుపోదామంటే కొండ నిటారుగా ఉంది. వాడు ఆ కుదుపుకు తట్టుకోలేడు. వడగళ్ళే కిందికి రావాలి.

రాజలింగం ముందుకు దూకాడు. అతని దగ్గర ఒక ఇత్తడి చెంబు ఉంది. ఎప్పుడో ఎవరో ఊట దగ్గర మరచిపోయిన చెంబు. తన గుహలో దాచుకునేవాడు. అతని ఆస్తంతా అదే.

"ముట్టి చూడుండ్రి, ఎంత సల్లగుంటదో!" అని అందరి ముందూ పెట్టాడు. పక్కనే అదే గుహలోని ఒక కట్టె మొద్దు పెట్టాడు. "ఇది ముట్టుండ్రి, ఏం సల్లదనం లేదు. సల్లటి దాంట్ల పెడితేనే వడగండ్లు సల్లగుంటయి."

అందరూ ముట్టి చూశారు. నిజమే, చెంబు జిల్లుమంది. మొద్దు మామూలుగా ఉంది.

బీరవ్వ కూడా మూతి ఆనించి చూసింది. చెంబూ మొద్దూ రెండూ రాత్రంతా ఒకే గుహలో ఉన్నవే కదా, ఒకటి ఎక్కువ చల్లగా ఎలా ఉంటుంది? మళ్ళీ ఆనించి చూసింది. చెంబు తన మూతి వేడిని చటుక్కున లాగేసుకుంటోంది. అందుకే చల్లగా తోస్తోంది. మొద్దు తీరిగ్గా తీసుకుంటోంది. అంత తొందరగా వేడిని లాక్కునేది, ఎండలోకి వెళ్ళాక లోపలికి కూడా అంతే తొందరగా పంపదూ?

"రాజలింగం, జర ఆగు. ఆ చెంబు వేడిని దాటనిస్తది..." అని మొదలుపెట్టింది.

వినేది ఎవరు? అతను అప్పటికే సగం కొండ ఎక్కేశాడు.

చెంబు నిండా వడగళ్ళు నింపాడు. ఒలికిపోకుండా గుండెకు హత్తుకున్నాడు. ఎండలో చరచరా దిగాడు. పైన ఎండ చెంబును కాల్చింది. పక్క నుంచి అతని ఒంటి వేడి చెంబుకు అంటింది. చెంబు రెండు వైపుల వేడినీ ఏమాత్రం ఆపకుండా లోపలికి పంపింది. కిందికి వచ్చి చూసుకుంటే ఏముంది? నీళ్ళు. అవీ గోరువెచ్చగా!

రాజలింగం చెంబులోకి చూశాడు, చెంబు కిందికి చూశాడు, ఎవరైనా తాగేశారేమోనని వెనక్కి కూడా చూశాడు. ఆ నీళ్ళు బొట్టుగాడి నాలుక తడపడానికి పనికొచ్చాయి, అంతే.

రెండోసారి సారయ్య లేచాడు. సారయ్య ఒక జింక. ఆ అడవిలో అతనంత వేగంగా పరుగెత్తేవాడు లేడు.

"నిదానంగ తెస్తే కరిగినయి. నేను ఉరికితే కండ్ల ముందట గాలే కనబడతది. ఆ గాలికి ఇంకింత సల్లబడతయి" అన్నాడు.

మోదుగాకు దొప్పలో వడగళ్ళు పెట్టుకుని, దొప్ప నోట కరచుకుని దూకాడు. ఏం పరుగు అది! చూసినవాళ్ళు ఔరా అన్నారు. కానీ పిల్లలూ, అది వడగాలి. వేడి గాలి ఎంత విసురుగా తగిలితే వడగళ్ళు అంత తొందరగా కరుగుతాయి. ఒక గాలి వేడి ఇచ్చి పక్కకు పోయేది, వెంటనే ఇంకో వేడి గాలి వచ్చేది. సారయ్య ఎంత జోరుగా పరుగెత్తితే అంత గాలి తగిలింది. వచ్చి నోరు తెరిచేసరికి దొప్పలో చింతగింజంత వడగల్లు ఒకటి మిగిలింది. సారయ్య నాలుక వేలాడేసుకుని చెట్టు కింద కూలబడ్డాడు.

వైద్యుడు ఆ చింతగింజను బొట్టుగాడి మెడ కింద పెట్టాడు. అది క్షణంలో కరిగిపోయింది. కానీ ఆ క్షణంలో వాడి చెవి కదిలింది! అందరూ చూశారు. ఇంకొంచెం మంచు దొరికితే చాలు, వాడు బతుకుతాడు.

గద్ద మళ్ళీ ఎగిరి చూసి వచ్చింది. "ఇగ తలకాయంత గడ్డ ఒక్కటే మిగిలింది. అది గూడ పోతే ఏం లేదు" అంది.

అప్పుడు బీరవ్వ ముందుకొచ్చింది.

"అది నేను తెస్త. నా ఉన్ని కోసి, దాంట్ల చుట్టి తెస్త."

అంతే, నవ్వులే నవ్వులు. బిడ్డ చావుబతుకుల్లో ఉన్నాడన్న సంగతి కూడా మరచిపోయి నవ్వారు.

"వడగండ్లకు గొంగడి కప్పుతదట!" అన్నాడు రాజలింగం. "పాపం, వాటికి చలి పెడుతున్నదేమో!"

ఎలుగు వైద్యుడు నవ్వలేదు కానీ విసుక్కున్నాడు. "బీరవ్వా, నీకు మతి ఉన్నదా? ఈ బొచ్చు కప్పుకొని నేను ఉడికిపోతున్న. బొచ్చు అంటేనే వేడి. ఆ వేడిల తీసుకపోయి మంచు పెడతనంటవా?"

బీరవ్వకు కోపం వచ్చింది. కానీ కోపం తీర్చుకునే సమయం కాదది. ఒక్కటే అడిగింది.

"వైద్యుడా, నీ బొచ్చు రాలి కింద పడితే ఆ నేల కాలుతదా?"

"కాలది."

"మరి వేడి బొచ్చుదెట్లయితది? వేడి నీ ఒంటిది. నీ లోపల పొయ్యి ఉన్నది. ఆ వేడి బయటికి పోకుండ బొచ్చు తలుపేసి పెట్టింది, అంతే. వడగల్లుకు పొయ్యి ఏడున్నది? దానికి వేడి రావాల్నంటే బయటి నుంచే రావాలె. తలుపేస్తే లోపలిది బయటికి పోదు. బయటిది గూడ లోపలికి రాదు."

"తలుపుకు గొళ్ళెం గూడ పెడతవా అవ్వా?" అన్నాడు రాజలింగం. మళ్ళీ నవ్వులు.

బీరవ్వ అతని వైపు చూడనే లేదు. "మా కాపరి పొద్దుగాల నీళ్ళు నింపిన సొరబుర్రకు గొంగడి చుట్టి పెట్టేటోడు. మిట్టమధ్యాహ్నం తాగినా గొంతుల జిల్లుమనేటియి. నా ఉన్ని వేడి ఇయ్యదు. వేడిని దాటనియ్యదు. దాని గుణం నాకు తెలుసు."

వైద్యుడు తల గోక్కున్నాడు. అందరూ తల్లి దుప్పి వైపు తిరిగారు. బిడ్డ ఆమెది. ఉన్న గడ్డ ఒక్కటే.

దుప్పి బొట్టుగాడి వైపు చూసింది. తర్వాత బీరవ్వ కళ్ళలోకి చూసింది.

"అక్కా, నువ్వు చెప్పింది నాకు సగం సమజయింది, సగం కాలె. గని నువ్వు తెలిసి చెప్తున్నవు, ఊరికె చెప్తలేవు. గంతవరకు సమజయింది. పో అక్కా. నా బిడ్డను తీసుకరా."

సారయ్య లేచే స్థితిలో లేడు. రాజలింగాన్ని తోడు రమ్మన్నారు. "ఆ బొచ్చు మూట నేను మొయ్య. నా ఇజ్జత్ పోతది" అని చెట్టెక్కి కూర్చున్నాడు. చివరికి ఓదెలు అనే ఒక ఎలుక, "నా పండ్లు పదునుగుంటయి అవ్వా, నేనొస్త" అని బీరవ్వ వీపు మీదికి ఎక్కాడు.

"ఎండాకాలం ఉన్ని తీసేస్తే నీకు గూడ హాయిగుంటది లే" అన్నాడు వైద్యుడు వెనక నుంచి, ఏదో మంచి మాట చెబుదామని.

హాయిగా ఉండదని బీరవ్వకు తెలుసు. ఎండ పై ఉన్నినే కాలుస్తుంది, తోలు దాకా రానే రాదు. రెండు వేసవులు ఆ ఉన్ని నీడలోనే ఆమె బతికింది. అది తీసేస్తే ఎండ సూటిగా వీపు మీదే పడుతుంది. ముసలి ఒళ్ళు. తెలిసే నడిచింది.

కొండ ఎక్కడానికి చాలాసేపు పట్టింది. బండ సందులో చల్లటి నీడ. మూలన తెల్లగా, బొట్టుగాడి తలకాయంత గడ్డ. వడగళ్ళన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దగా ఉన్నాయి.

"కోయి బిడ్డా" అంది బీరవ్వ.

ఓదెలు పళ్ళు ఆనించి ఆగిపోయాడు. "గింత మంచి ఉన్ని అవ్వా..."

"మంచిది గనుకనే కోయమంటున్న. కోయి."

కరకరా కరకరా కోశాడు ఓదెలు. మెడ మీద, వీపు మీద, పక్కల మీద. నల్లటి ఉన్ని పొరలు పొరలుగా బండ మీద కుప్పపడింది. బీరవ్వ తల తిప్పి దాన్ని చూసుకుంది. ఎంత ఉందో! ఎంత నిగనిగలాడుతోందో! పెళ్ళికి ముస్తాబైన బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది.

"ఇగ ఇను" అంది. "వేడికి మూడు దార్లుంటయి. ముట్టుకుంటే ఒక దారి. గాలి మోసుకొస్తే ఒక దారి. ఎండ సూటిగ మీద పడితే ఒక దారి. చెంబు ముట్టుడు దారి తెరిచింది. సారయ్య గాలి దారి తెరిచిండు. మనం మూడు దార్లు మూసెయ్యాలె."

ఓదెలు చెవులు నిక్కబొడుచుకుని విన్నాడు. ముందు ఉన్ని పరిచారు. నడుమ గడ్డను పెట్టారు. పైన ఇంకా ఉన్ని కప్పారు. ఓదెలు ఉత్సాహంగా ఎగిరి తొక్కబోయాడు.

"తొక్కకు! పొంగుగ ఉండనీ" అంది బీరవ్వ. "పోగుకు పోగుకు నడుమ గాలి చిక్కుకొని ఉన్నది. కదలని గాలి వేడిని తొందరగ దాటనియ్యదు. తొక్కితే ఆ గాలి పోతది, ఉన్ని ఉండి లాభం లేదు."

ఉన్ని మీద ఎండిన టేకాకులు రెండు వరుసలు చుట్టారు, ఎండ సూటిగా తగలకుండా. గట్టి తీగతో కట్టారు.

"మెడకు తగిలించుకో అవ్వా, అల్కగుంటది" అన్నాడు ఓదెలు.

"నా లోపల గూడ పొయ్యి ఉన్నది బిడ్డా. నా ఒంటికి తగలొద్దు" అని తీగ కొసను పళ్ళతో పట్టుకుంది బీరవ్వ. ఇక ఆ నోరు మళ్ళీ తెరవలేదు.

బండ సందు దాటి బయటికి అడుగు పెట్టగానే ఎండ వీపు మీద చరిచినట్టు తగిలింది. తోలు చురచురమంది. బీరవ్వ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని మళ్ళీ నడిచింది. నీడ ఉన్నచోట నీడలో, లేనిచోట తొందర తొందరగా. ఓదెలు ఆమె పొట్ట కింది నీడలో పరుగెత్తాడు.

దారిలో ఒక నెమలి ఎదురైంది. బీరవ్వను చూసి నోరు తెరిచింది. నల్లగా బొద్దుగా ఉండే బీరవ్వ బక్కచిక్కి, ఎత్తుపల్లాలుగా కొరికిన ఉన్నితో ఎలా ఉందో మీరే ఊహించుకోండి.

"ఏందవ్వా గీ అవతారం? మూటల ఏమున్నది? ఇప్పి చూపియ్యి" అంది.

బీరవ్వ మాట్లాడలేదు. మాట్లాడితే మూట జారుతుంది.

"వడగండ్లున్నయి" అన్నాడు ఓదెలు గర్వంగా.

"గింత ఎండకు, ఉన్నిల ఇంక ఉంటయా? ఎప్పుడో కరిగినయి. ఇప్పి చూసుకోండ్రి, ఒట్టి బొచ్చు మోసుకపోతున్నరు."

నెమలి వెళ్ళిపోయింది కానీ ఆ మాట ఓదెలులో ఉండిపోయింది. నాలుగు అడుగులు వేశాక అన్నాడు. "అవ్వా, ఒక్కసారి ఇప్పి చూద్దామా? జరంత సందు చేసి చూసి మళ్ళ మూస్త."

బీరవ్వ తల అడ్డంగా ఊపింది. సందు చేస్తే వేడి గాలి లోపలికి దూరుతుంది. ఆమెకు మాత్రం చూడాలని లేదా? ఉంది. ప్రాణం కొట్టుకుంటోంది. కానీ చూసి మనసు కుదుట పరుచుకోవడం కన్నా, చూడకుండా గడ్డను కాపాడటం ముఖ్యం.

ఇంకా సగం దారి ఉందనగా మూట అడుగు నుంచి టప్‌మని ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి. కరిగిపోతోందా? తన ఉన్ని తనను మోసం చేసిందా? వైద్యుడి మాటే నిజమా? జీవితంలో మొదటిసారి ఆమెకు తన ఉన్ని మీద అనుమానం వచ్చింది.

మూడో చుక్క ఓదెలు ముక్కు మీద పడింది. ఓదెలు ఎగిరిపడ్డాడు.

"అబ్బో! సల్లగున్నదవ్వా! జిల్లుమంటున్నది!"

బీరవ్వ ఆగిపోయింది. చల్లగా ఉందా? అయితే లోపల గడ్డ ఇంకా ఉంది. గడ్డ అంతా కరిగిపోయి ఉంటే నీళ్ళు ఎప్పుడో వెచ్చబడేవి. గడ్డ ఉన్నంతసేపూ దాన్ని అంటుకున్న నీళ్ళు వేడెక్కవు. చుక్క చల్లగా పడిందంటే లోపలి నుంచి గడ్డ కబురు పంపినట్టే. ఆమె తల పైకెత్తింది. వీపు మండుతూనే ఉంది. మండనీ అనుకుంది. తీగను ఇంకా గట్టిగా కరచుకుని నడిచింది.

పొద్దు కొండ అంచు తాకుతుండగా వాగు దగ్గర బొట్టుగాడు పడుకున్న చోటికి చేరింది.

అందరూ లేచి నిలబడ్డారు. అందరి కళ్ళూ ముందు బీరవ్వ ఒంటి మీదే పడ్డాయి. వీపంతా ఎర్రగా కమిలిపోయి ఉంది. చెట్టు మీది రాజలింగం మాత్రం మూటనే చూశాడు.

"నీళ్ళు కారుతున్నయి చూసిండ్రా? అయిపోయింది" అన్నాడు. ఈసారి అతని గొంతులో ఎకసెక్కం లేదు. బాధే ఉంది.

బీరవ్వ మూటను మెల్లగా వైద్యుడి ముందు దించింది. వైద్యుడు తీగ తెంపాడు. టేకాకులు తీశాడు. అవి కాలుతున్నాయి. పై ఉన్ని మీద చెయ్యి పెట్టి ముఖం వాల్చేశాడు.

"కాలుతున్నది బీరవ్వా" అన్నాడు నెమ్మదిగా.

"లోపలికి పో" అంది బీరవ్వ. నోరు ఎండిపోయి మాట పెగల్లేదు. "ఇంక లోపలికి పో."

వైద్యుడు ఒక పొర తీశాడు. అది వెచ్చగా ఉంది. ఇంకో పొర తీశాడు. అది మామూలుగా ఉంది. ఇంకో పొర తీశాడు. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"సల్లగున్నది!"

ఆఖరి పొర విప్పాడు. నల్లటి ఉన్ని నడుమ తెల్లగా, కొబ్బరికాయంత గడ్డ. సాయంత్రపు ఎండ తగిలి తళతళ మెరిసింది.

అరుపులు, కేకలు! గద్ద గిరగిరా తిరిగింది. సారయ్య ఒంట్లో సత్తువ లేకపోయినా లేచి నిలబడ్డాడు. తల్లి దుప్పి అరవలేదు. వచ్చి బీరవ్వ మెడ మీద మెడ వేసింది.

వైద్యుడు గడ్డను పగలగొట్టాడు. మెడ కింద ఒక ముక్క, చంకల్లో రెండు, తొడల నడుమ రెండు. పైన బీరవ్వ ఉన్నినే కప్పి, వేడి గాలి ముక్కలకు తగలకుండా చేశాడు. ఈసారి ఉన్ని కప్పుతుంటే ఎవరూ నవ్వలేదు.

అందరూ చుట్టూ కూర్చున్నారు. ముక్కలు కరుగుతున్నాయి. బొట్టుగాడి ఒంట్లోని వేడిని తాగుతూ కరుగుతున్నాయి. మొదట చెవి కదిలింది. తర్వాత ముక్కు తడిసింది. తర్వాత ఒక కన్ను తెరుచుకుంది. ఆ కన్ను చుట్టూ చూసి, చూసి, బీరవ్వ మీద ఆగింది.

"ఎవరమ్మా గీమె?" అన్నాడు తల్లితో, సన్నటి గొంతుతో.

అడవి అడవంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ బీరవ్వ నవ్వింది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"పెద్దమ్మనురా. నా గొంగడి నీ మీద ఉన్నది, చూసుకో" అంది.

ఎలుగు వైద్యుడు అందరి ముందూ లేచి నిలబడ్డాడు. "నేను వైద్యుణ్ణి. నా బొచ్చు సంగతి నాకే తెలవదు. నువ్వు చెప్తుంటే ఇనబుద్ధి కాలె. తప్పు నాది బీరవ్వా" అన్నాడు.

రాజలింగం చెట్టు దిగి వచ్చాడు. మూట అడుగున నిలిచిన చల్లటి నీళ్ళు చెంబులోకి వంచి, రెండు చేతులతో బీరవ్వ నోటికి అందించాడు. బీరవ్వ ఒక్క గుక్కలో తాగేసింది. ఆ నీళ్ళ రుచి తనకు ఇప్పటికీ గుర్తేనని తర్వాత ఎన్నాళ్ళో చెప్పుకుంది.

కాలిన వీపుకు వైద్యుడు రోజూ ఆకు పసరు పూశాడు. మళ్ళీ ఉన్ని పెరిగేదాకా ఎండలో ఆమెను ఒంటరిగా తిరగనివ్వలేదు ఎవరూ. ఆమె మేయడానికి బయల్దేరితే, ఎండ వచ్చే వైపున ఎవరో ఒకరు నడిచేవారు, తమ నీడ ఆమె మీద పడేలా. ఒకరోజు వైద్యుడు, ఒకరోజు సారయ్య, ఒకరోజు రాజలింగం. అలా వంతులు వేసుకున్నారు.

అయిదో రోజు వంతు బొట్టుగాడు అడిగి తీసుకున్నాడు. అప్పుడప్పుడే లేచి తిరుగుతున్న పిల్లవాడు. రొమ్ము విరుచుకుని ఎండ వైపు నడిచాడు. వాడి నీడ ఎంతని? బీరవ్వ ముందు కాలు ఒక్కటి నీడలో ఉంది. మిగతా ఒళ్ళంతా ఎండలోనే ఉంది.

"నీడ మంచిగ పడుతున్నదా పెద్దమ్మా?" అని అడిగాడు.

"మస్తుగ పడుతున్నదిరా" అంది బీరవ్వ. తల నిటారుగా ఎత్తుకుని, అడవి అంతా చూసేలా, నిదానంగా నడిచింది.

నీతి: పైపైన తాకి చూసి దేని గుణమూ తేల్చకూడదు, కారణం తెలుసుకుని తేల్చాలి. అలా తెలుసుకున్నవారు నలుగురూ నవ్వినా తలవంచనక్కరలేదు.